గురువారం ఇచ్చేస్తాం

మా ఆయన అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. "గురువారం ఉన్నాడా?" అంటూ వస్తారు దుకాణానికి. సోమవారం వచ్చినవాళ్ళూ అదే అడుగుతారు, ఆదివారం వచ్చినవాళ్ళూ అదే అడుగుతారు. కొత్తవాళ్ళెవరైనా వింటే మా వీధి మొత్తానికి మతి పోయిందనుకుంటారు.

సోఫాలు, కుర్చీలు బాగుచేయడం మా పని. స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చిన సోఫా తెచ్చిస్తే, దాన్ని ఎముకల దాకా విప్పి, కొత్త పట్టీలు బిగించి, స్పాంజి పరిచి, పైన గుడ్డ తొడగడం ఆయన వంతు. ఆ గుడ్డ కుట్టడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా వంతు. వెనక గదిలో ఆయన, ముందు గదిలో కుట్టు మిషను దగ్గర నేను, నాకూ గుమ్మానికీ మధ్య ఒక పాత వాలుకుర్చీలో మా అత్తయ్య. పనిలో మా ఆయనకి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. ఆయన బిగించిన సీటు మీద పదేళ్ళు కూర్చున్నా గుంట పడదు. కాకపోతే ఆ సీటు ముందు మీ ఇంటికి చేరాలి. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఎదుటి మనిషి మొహం చిన్నబోతే మా ఆయన చూడలేడు. "ఎప్పుడిస్తారు?" అని అడగ్గానే ఆ మనిషి కళ్ళలోకి చూస్తాడు, వాళ్ళకి ఏం వినాలని ఉందో కనిపెడతాడు, అదే చెప్పేస్తాడు. రేపు అంటే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. వచ్చే నెల అంటే మొహం వాడిపోతుంది. గురువారం అంటే మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. అడిగింది గురువారం నాడే అయితే "వచ్చే గురువారం" అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఆయన ఒక మంచిపని చేసినట్టు ఈల వేసుకుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోతాడు.

గురువారం వచ్చేసరికి వాళ్ళందరికీ దొరికేది నేను. పంతొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు వెనక నిలబడి నేను చెప్పని అబద్ధం లేదు. జిగురు ఆరలేదన్నాను. గుడ్డ రంగులో తేడా వస్తే వెనక్కి పంపామన్నాను. ఆయన నడుం పట్టేసిందన్నాను. అన్నిటి చివరా వచ్చే గురువారం తప్పకుండా అన్నాను. ఏదీ పనిచేయకపోతే "మా అత్తయ్యకి ఒంట్లో బాగోలేదండీ" అనేదాన్ని. ఆ మాట వినపడగానే అత్తయ్య వాలుకుర్చీలోంచి దగ్గేది. ఎంత బాగా దగ్గేదంటే, గొడవకొచ్చినవాళ్ళు మంచినీళ్ళిచ్చి మరీ వెళ్ళేవాళ్ళు. అత్తాకోడళ్ళం మరే విషయంలోనూ అంత ఒద్దికగా ఉన్నది లేదు.

ఆ ఒద్దిక పళ్ళ డాక్టరమ్మ దగ్గర బెడిసికొట్టింది.

డాక్టరమ్మ క్లినిక్ మా దుకాణానికి ఎదురు వరసలో, నాలుగు గుమ్మాల అవతల. రోగుల పక్కన తను కూర్చునే గుండ్రటి స్టూలు ఇచ్చి, సీటు మార్చమంది. అరపూట పని. మా ఆయన గురువారం అన్నాడు. మూడు నెలలు గడిచాయి. ఆవిడ మూడు నెలలూ నిలబడే పళ్ళు పీకింది. పన్నెండో గురువారం మళ్ళీ వచ్చింది. నా దగ్గరున్న అబద్ధాలన్నీ ఆవిడకి అప్పటికే చెప్పేసి ఉన్నాను. కొత్తది ఏదైనా చెప్పాలన్న కంగారులో నోరు జారాను.

"మా అత్తయ్యకి పంటి నొప్పండీ. వారం నుంచీ ఇల్లంతా అదే హడావిడి."

చెప్పాక గానీ ఎవరితో చెప్పానో తట్టలేదు. డాక్టరమ్మ సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. అత్తయ్య అప్పుడే బిస్కెట్టు కొరుకుతోంది.

"ఏదీ, పెద్దమ్మా, నోరు తెరవండి."

అత్తయ్య నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ఇక చేసేదేం లేక నోరు తెరిచింది. డాక్టరమ్మ చిన్న టార్చి వేసి అటూ ఇటూ చూసి, "నిజమే సుమా, దవడ పన్ను లోపలంతా పుచ్చిపోయింది. రేపు తీసుకురండి, తీసేద్దాం," అంది. మర్నాడు తీసేసింది కూడా. ఆ రోజు నుంచి అత్తయ్య దగ్గడం మానేసింది. "నీ అబద్ధానికి నా పన్ను పోయింది. ఇంకోసారి నా పేరెత్తావంటే ఊరుకోను," అని తెగేసి చెప్పింది.

ఆ పన్ను తీసిన రోజే డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, హాల్లో రోగులు వేచి ఉండే కుర్చీలు చూపించింది. పన్నెండు కుర్చీలు. ఒక్కదానికీ సీటు సవ్యంగా లేదు. లోపల్నుంచి ఎవరో అరవడం వినపడగానే బయట కూర్చున్నవాళ్ళు భయంతో సీటు గిల్లుతారట. ఏళ్ళ తరబడి గిల్లీ గిల్లీ స్పాంజంతా పీకేశారు.

"వచ్చే నెల క్లినిక్ మూసి గోడలకి రంగులు వేయిస్తున్నాను. ఈ పన్నెండూ అప్పుడే మార్పించాలి. మీ ఆయన పనితనం నాకు తెలుసు, ఆయనకే ఇవ్వాలనుంది. కానీ నమ్మి ఇచ్చేదెలా?" అంటూ నా చేతిలో ఒక కరపత్రం పెట్టింది. వర్తక సంఘం వాళ్ళు చిన్న వ్యాపారులకి శనివారాలు మధ్యాహ్నం తరగతులు పెడుతున్నారు. పనులకి సమయం లెక్కేసుకోవడం, కొనేవాళ్ళతో మాట్లాడటం, ఇంకా అలాంటివేవో. "ఆయన్ని దీనికి పంపండి. రంగులు వేయించే ముందు నేను వచ్చి మాట్లాడతాను. అప్పటికీ ఇలాగే ఉంటే బయట కొత్త కుర్చీలు కొనేసుకుంటాను."

ఇంటికొచ్చి కరపత్రం ఆయన ముందు పడేశాను.

"నలభై ఎనిమిదేళ్ళకి నేను బడికెళ్ళాలా?" అన్నాడు.

"వెళ్ళద్దు. హాయిగా కూర్చోండి. డాక్టరమ్మ కుర్చీలు చెప్పిన రోజుకి ఆ గుమ్మం దాటకపోతే నా మిషను తీసుకుని మా అక్క కుట్టు దుకాణానికి వెళ్ళిపోతాను. మీ గురువారాలకి మీరే సమాధానం చెప్పుకోండి."

"ఊరికే అంటున్నావా, నిజంగా అంటున్నావా?"

"మీరు ఊరికే అంటారు. నేను నిజంగా అంటాను."

అది నిజంగా అన్న మాటే. రెండేళ్ళుగా మా అక్క రమ్మంటూనే ఉంది. అక్కడ నామీద అరిచేవాళ్ళు ఉండరు. జనం అరిచి వెళ్ళినప్పుడల్లా నాకు మెడ నరం ఒకటి పట్టేస్తుంది. సాయంత్రానికి తల తిప్పలేను. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్తే ఆయన మొహం కూడా చిన్నబోతుందని.

మొదటి శనివారం నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను, మధ్యలో ఎటైనా జారుకుంటాడని. సంఘం భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఏదో స్కూలు వాళ్ళు పారేసిన బల్లలు తెచ్చి వేసినట్టున్నారు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు అందరూ. మంగలి షాపాయన, తాళాలు బాగుచేసే ఆయన, బేకరీ నడిపే ఆవిడ, ఇంకో పది మంది. పాఠం చెప్పే టీచరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. గలగలా మాట్లాడే మనిషి. మా ఆయన్ని చివరి బల్ల దగ్గర ఇరికించి, నేను మెట్లు దిగి వచ్చేశాను.

సాయంత్రం ఆయన ఒక నోటు పుస్తకం పట్టుకుని వచ్చాడు. రోజుకి మూడుసార్లు 'కుదరదు' అని ఎవరో ఒకరితో అనాలట. అది ఇంటిపని. అన్నప్పుడల్లా పుస్తకంలో గీత పెట్టుకోవాలట.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు.

"నాయనా, కాసిని మంచినీళ్ళివ్వరా," అంది అత్తయ్య.

"కుదరదమ్మా." ఒక గీత పెట్టుకున్నాడు. పెట్టుకుని, లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాడు.

"ఏమండీ, ఆ కత్తెర ఇటివ్వండి," అన్నాను నేను.

"కుదరదోయ్." రెండో గీత. కత్తెర తెచ్చిచ్చాడు.

మూడోది అద్దంలో తనకి తనే చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి పుస్తకం నిండా గీతలే. ఇంట్లో మేం ఏం అడిగినా కుదరదంటున్నాడు, అన్నీ చేసి పెడుతున్నాడు. అంతకు ముందు అవుననేవాడు, ఏదీ చేసేవాడు కాదు. అత్తయ్యకి ఈ చదువు బాగా నచ్చింది.

దుకాణంలో మాత్రం మా ఆయన మా ఆయనే. భోజనాల బల్ల కుర్చీలు ఆరు బండి మీద వేసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎప్పుడిస్తారని అడిగాడు. మా ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. నేను మిషను ఆపి చెవులు రిక్కించాను. "కుద..." అన్నాడు. పెద్దమనిషి ఆశగా చూశాడు. మా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "గురువారం రండి," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడో శనివారం మాత్రం మనిషి వేరేగా వచ్చాడు. ఈల లేదు. జేబులోంచి ఒక చీటీ తీసి, వెనక గది గోడకి మేకుతో కొట్టి, దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏమిటది?" అన్నాను.

"ఆర్డరు. టీచరమ్మ ఇచ్చింది. ఇద్దరు కూర్చునే సోఫా. ముదురాకుపచ్చ గుడ్డ. ఎడమ చెయ్యి పల్లంగా ఉండాలి."

"అదేం కోరిక?"

"వాళ్ళాయన అటు వైపు తల పెట్టుకుని పేపరు చదువుతాట్ట. ఎత్తుగా ఉంటే మెడ పట్టేస్తుందిట. గురువారం నాలుగింటికల్లా ఇవ్వాలి."

గురువారం అనగానే నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆదివారం పొద్దున్నే చెక్క కోయడం మొదలుపెట్టాడు. సోమవారం సాయంత్రానికి చట్రం నిలబడింది. మంగళవారం పట్టీలు, స్ప్రింగులు. గంటకోసారి గోడ దగ్గరికెళ్ళి చీటీ చూసుకోవడం, వచ్చి పని చేయడం. మధ్యలో ఎవరో పిలిస్తే "శుక్రవారం మాట్లాడతానండీ" అని లోపల్నుంచే కేకేశాడు. నా కళ్ళని నేను నమ్మలేకపోయాను. గుడ్డ కొలతలు ఇచ్చి, "తొందరేం లేదు, బుధవారం మధ్యాహ్నానికిస్తే చాలు," అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో తొందరేం లేదన్న మాట ఆ నోట వినడం అదే మొదటిసారి. అంత ఉషారుగా నేను కుట్టి కూడా ఎన్నాళ్ళయిందో. అంచుల వెంట తాడు పెట్టి కుట్టే పైపింగు రెండు వరసలు వేశాను, అడక్కపోయినా.

గురువారం మూడు గంటలకి సోఫా తయారైంది. ఎంత బాగుందంటే, అత్తయ్య వాలుకుర్చీ వదిలి దానిమీద కూర్చుని, లేవనని మొండికేసింది. లేపి, తోపుడు బండి మీదికెక్కించి సంఘం భవనానికి తీసుకెళ్ళాం. మంగలి షాపాయన్నీ, తాళాల ఆయన్నీ బతిమాలి మూడంతస్తులు మోయించాం. రెండో మలుపు దగ్గర సోఫా ఇరుక్కుంటే కాళ్ళు విప్పి మళ్ళీ బిగించాడు మా ఆయన. నాలుగు కొట్టేసరికి హాలు గుమ్మంలో ఉన్నాం.

టీచరమ్మ లోపల ఏవో కాగితాలు సర్దుకుంటోంది. తలెత్తి చూసింది. సోఫాని చూసింది, చెమటలు కక్కుతున్న మమ్మల్ని చూసింది.

"ఏమిటండీ ఇది?"

"మీ సోఫా అండీ. గురువారం నాలుగింటికి అన్నారుగా," అన్నాడు మా ఆయన.

ఆవిడ చేతిలో కాగితాలు బల్ల మీద పడేసింది. "అయ్యో, అది ఊరికే అన్నదండీ! ఎలా మాట్లాడాలో నేర్పడానికి నేను కస్టమర్ని, మీరు దుకాణందారు అనుకుని ఆడాం కదా. నాకు సోఫా ఏమిటి? అద్దెగదిలో మంచం పట్టడానికే చోటు లేదు."

"మరి మీవారు, పేపరు?" అన్నాను నేను.

"నాకింకా పెళ్ళే కాలేదండీ."

తాళాల ఆయన సోఫా మీద కూలబడి పగలబడి నవ్వాడు. మంగలాయన గోడకి ఆనుకుని నవ్వాడు. నేను మాత్రం నిలువునా మండిపోయాను. లేని మొగుడి తలకి సరిపడా సోఫా! మా చెక్క, మా స్పాంజి, నేను రెండు వరసల పైపింగు వేసిన మా గుడ్డ! నిజంగా అడిగినవాళ్ళు అంత మంది దుకాణం చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతుంటే, మా ఆయన చెప్పిన రోజుకి చెప్పిన గంటకి ఇచ్చింది పుట్టని మనిషికి.

దారిలో అడిగాను. "ఆట అని మీకు తెలియలేదా?"

"తెలుసు."

"తెలిసే చేశారా?"

ఆయన ఖాళీ తోపుడు బండి నెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "అందరూ ఎప్పుడిస్తావని అడుగుతారు. ఆవిడ అలా అడగలేదు. ముందు ఏం చేస్తారు, దానికి ఎన్ని రోజులు, తర్వాత ఏం చేస్తారు, దానికి ఎన్ని రోజులు అని ఒక్కొక్కటీ అడిగింది. నన్నెవరూ అలా అడగలేదోయ్. అన్నీ రాసి కూడితే గురువారం నాలుగింటికి తేలింది. నిజంగా అవుతుందో లేదో చూడాలనిపించింది."

"ఆ చూసేదేదో నిజం ఆర్డరుతో చూడచ్చుగా?"

"నిజందైతే, తప్పిందనుకో, వాళ్ళ మొహం చూడాలి. ఇది తప్పినా బాధపడేవాళ్ళు ఎవరూ లేరు కదా అనుకున్నా."

"అలాంటప్పుడు మూడంతస్తులు మోయించడమెందుకు?"

"తీరా అయ్యాక, ఇవ్వకుండా ఎలా ఉంటాం?"

ఆ మనిషితో వాదించడం నావల్ల కాలేదు. ఇంటికి రాగానే కుట్టు మిషనుకి మూత పెట్టి, తాడు కట్టి గుమ్మం పక్కన పెట్టాను. "కుర్చీల సంగతి మాట్లాడటానికి సోమవారం డాక్టరమ్మ వస్తానంది. అది కూడా చూసి వెళ్తాను," అని చెప్పాను. ఆయన ఆ తాడు వంక చూసి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

మర్నాడు నా కత్తెర కోసం వెనక గదిలోకి వెళ్తే, గోడకి ఆ చీటీ ఇంకా ఉంది. చదివాను. చట్రం రెండు రోజులు. పట్టీలు, స్ప్రింగులు ఒక రోజు. తర్వాత ఇలా ఉంది: 'కుట్టు ఒకటిన్నర రోజు. ఒక రోజులో అయిపోతుంది కానీ తనకి మెడ నొప్పి, మధ్యమధ్యలో లేవాలి.'

నేను ఎప్పుడూ చెప్పలేదు. వెనక గదిలోంచి ఎప్పుడు చూశాడో, ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాడో నాకు తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినా తాడు విప్పలేదు. అంత తేలిగ్గా కరిగిపోతే నేను పంతొమ్మిదేళ్ళు కౌంటరు దగ్గర నిలబడగలిగేదాన్నా?

సోమవారం పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. ఆవిడని చూడగానే అత్తయ్య అరచేత్తో నోరు మూసుకుంది.

"రేపటి నుంచి రంగులు. వచ్చే వారం శుక్రవారం మళ్ళీ తెరుస్తున్నాను. దాని ముందు రోజుకి పన్నెండు కుర్చీలూ హాల్లో ఉండాలి. అంటే గురువారం." ఆ మాట అంటూ ఆవిడ కొంచెం నవ్వింది. "చెప్పండి, అవుతుందా?"

మా ఆయన పెన్సిలు తీసి నోటు పుస్తకం తెరిచాడు. ఏదో రాశాడు. వెనక గదిలోకి వెళ్ళి లోపలున్న సామానంతా చూసి వచ్చాడు. మళ్ళీ రాశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. డాక్టరమ్మ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. చేతి గడియారం చూసుకుంది. ఆవిడ మొహంలో నవ్వు తగ్గడం నేను చూశాను. పన్నెండు కుర్చీలు మా కళ్ళ ముందే చేయి జారిపోతున్నాయి. ఈయనకి ఇప్పుడే నోరు పడిపోవాలా? అత్తయ్య వైపు సైగ చేశాను, దగ్గమని. ఆవిడ రెండో చెయ్యి కూడా నోటికి అడ్డం పెట్టుకుంది.

"గురువారం ఇచ్చేస్తామండీ!"

ఎవరన్నారా అని చూస్తే, నేనే. చిరునవ్వుతో సహా అన్నాను. ఎంత చక్కగా వచ్చిందో నోటికి. ఒక్క అక్షరం తడబడలేదు.

"కుదరదు," అన్నాడు మా ఆయన.

అన్నందుకు ఆయనే బెదిరిపోయినట్టు ఉన్నాడు. కానీ వెనక్కి తగ్గలేదు. డాక్టరమ్మ మొహం వైపు చూడకుండా పుస్తకంలోకి చూస్తూ చదివాడు.

"చేతిలో ఇప్పటికే ఐదు పనులున్నాయండీ, వాళ్ళకి ఇవ్వాలి. పన్నెండు కుర్చీలూ ఆ గురువారానికి కుదరవు. ఆరు ఇస్తాను. మిగతా ఆరు ఆ తర్వాతి బుధవారం, పొద్దున పదింటికి. ఇంకా ముందు కావాలంటే కుట్టు హడావిడిగా చేయించాలి. అది చేయించను."

అని, కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు, దెబ్బ తగలబోతున్నవాడిలాగా.

డాక్టరమ్మ ఆలోచించింది. "తెరిచిన మొదటి వారం పిలిచినవాళ్ళలో సగం మంది రారు. మిగతా సగానికి ఆరు చాలు," అంది. సంచిలోంచి చిన్న డైరీ తీసింది. "ఆరు గురువారం, ఆరు బుధవారం పదింటికి. ఆయన చెప్పింది రాసుకుంటున్నానండీ. మీరు చెప్పింది కాదు," అంది నా వైపు చూసి.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ వెళ్ళాక మా ఆయన ఒక కన్ను తెరిచాడు.

"వెళ్ళిపోయిందా? మొహం చిన్నబుచ్చుకుందా?"

"ఆవిడ బాగానే ఉంది. నాదే చిన్నబోయింది," అన్నాను.

వెళ్ళి మిషను తాడు విప్పాను. ముడి బిగుసుకుపోతే ఆయనే వచ్చి విప్పి పెట్టాడు. అత్తయ్య నోటి మీంచి రెండు చేతులూ తీసి, "ఇక ఆ మిషను దాని చోట పెట్టండి, నాకు గాలి అడ్డం," అంది.

ఆరు కుర్చీలూ, వాటితో పాటు డాక్టరమ్మ గుండ్రటి స్టూలూ గురువారం వెళ్ళాయి. బుధవారం మిగతా ఆరు బండి మీదికెక్కించి, పదికి పావుగంట ముందే క్లినిక్ ముందు నిలబడ్డాం. లోపలికి తీసుకెళ్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "పదింటికని చెప్పాం," అని వీధిలోనే నిలబెట్టాడు. పది కొట్టాక తలుపు కొట్టాడు. లోపల కూర్చున్న రోగులు మమ్మల్ని చూసి కాసేపు గిల్లడం ఆపారు.

బయల్దేరుతుంటే డాక్టరమ్మ నా చేతిలో మళ్ళీ ఒక కరపత్రం పెట్టింది. కొత్త తరగతులు వచ్చే శనివారం మొదలట. ఈసారి ఎవరి కోసమో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెళ్ళాను. బల్లలన్నీ అప్పటికే నిండిపోయాయి. ఖాళీగా ఉన్నది కిటికీ పక్కన ఆ ఆకుపచ్చ సోఫా ఒక్కటే. మెట్ల మీంచి మళ్ళీ దింపడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో అక్కడే ఉండిపోయింది. పల్లంగా ఉన్న చెయ్యి వైపు కూర్చుని, కొంచెం దాని మీదికి ఒరిగి చూశాను. మెడ ఎంత హాయిగా ఆనిందో చెప్పలేను. ఎవరికీ పనికిరాదనుకున్న ఆ పల్లం సరిగ్గా నా మెడకి సరిపోయింది. ఏ మెడని చూసి ఆ కొలత తీసుకున్నాడో అప్పుడు అర్థమైంది నాకు.

టీచరమ్మ నవ్వుతూ నా ముందుకొచ్చి నిలబడింది. "మీతోనే మొదలుపెడదాం. నేను కస్టమర్ని. నాకొక వాలుకుర్చీ కావాలి. ఎప్పుడిస్తారు?"

ఆవిడ కళ్ళలో ఆశ ఉంది. హాలంతా నా వైపే చూస్తోంది. గురువారం నా నాలిక చివర దాకా వచ్చి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళలో ఎంత మందికి చెప్పానో ఆ మాట. చెప్పే ముందు వెనక గదిలోకి ఒక్కసారైనా తొంగిచూసి, ఎంత పని ఉందని ఆయన్ని అడిగానా? ఒక్కసారి కూడా అడగలేదు.

పెదవులు గట్టిగా బిగించి, ఆ మాటని లోపలికే మింగాను.

"మా ఆయన్ని అడిగి చెప్తానండీ," అన్నాను.